లోబెడ్ ట్రైలర్ కొనబోతున్నారా? ముందు కాటా చీటీ చూడండి

ప్రొక్లెయిన్ కొన్నవారికి రెండో ఏడాదికల్లా దాన్ని మోసుకెళ్లే లోబెడ్, అంటే డెక్ కిందికి ఉండే ట్రైలర్, కూడా కొనాలన్న కోరిక పుడుతుంది. సైటు మారిన ప్రతిసారీ ట్రైలర్ అద్దె కట్టి విసిగిపోతారు. ఆ విసుగు న్యాయమే. బేరానికి వెళ్లినప్పుడు అడిగే ప్రశ్నలే తప్పు. పద్దెనిమిదేళ్లుగా లోబెడ్లు తిప్పుతున్నాను. అందులో రెండు బండ్లను చూడకుండా కొని నష్టపోయాను, కాబట్టి ఈ మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

నేను చెప్పేది గూస్‌నెక్ లోబెడ్ గురించి. దాని ముందు భాగం బాతుమెడలా పైకి లేచి, లాగే బండి వెనుక ఉండే ఫిఫ్త్ వీల్ అనే కలిపే పళ్లెం మీద కూర్చుంటుంది. మెడ దాటగానే డెక్ కిందికి దిగి, నేలకు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తులో సాగుతుంది. మూడు మీటర్ల ఎత్తున్న మిషనును మామూలు ట్రైలర్ మీదకు ఎక్కిస్తే దారిలో ప్రతి కరెంటు తీగనూ తల ఎత్తి చూసుకుంటూ పోవాలి. ఈ వంపు ఉన్నది అందుకే.

అపోహ: 40 టన్నుల ట్రైలర్ అంటే 40 టన్నులు వేయవచ్చు

ఎక్కువ మందిని ముంచేది ఇదే. అమ్మేవారు చెప్పే 40 టన్నులు ట్రైలర్ ఇనుము తట్టుకునే బరువు. చట్టం ఒప్పుకునే బరువు వేరే లెక్క, అది యాక్సిల్ యాక్సిల్‌కూ ఉంటుంది. 2018 జులైలో కేంద్రం పెంచిన పరిమితుల ప్రకారం లాగే బండి ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, వెనుక జంట యాక్సిళ్లకు 21, ట్రైలర్ మూడు యాక్సిళ్లకు 27. మొత్తం 55. అంతకుముందు ఇది 49.

ఈ 55లో బండ్ల సొంత బరువు కూడా ఉందన్న సంగతి బేరంలో ఎవరూ ఎత్తరు. నా లాగే బండి, ట్రైలర్ జతను ఖాళీగా కాటా వేస్తే 22 టన్నుల 400 కిలోలు తూగింది. అంటే మిషనుకు మిగిలింది 32 టన్నుల 600 కిలోలు. లాగే బండికి వెనుక ఒకే యాక్సిల్ ఉంటే ఆ చోట 21కి బదులు 11.5 టన్నులే లెక్కకు వస్తాయి, మొత్తం 45.5 అవుతుంది. అలాంటి జత ఖాళీగా 19 టన్నులు తూగితే 26.5 మిగులుతుంది. 20 టన్నుల తరగతి మిషను దాని మీద హాయిగా వెళ్తుంది. 30 టన్నులది వెళ్లదు, ట్రైలర్ ఎంత గట్టిదైనా సరే.

పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తరువాత అధిక బరువుకు 20,000 రూపాయలు, పైన అదనపు టన్నుకు 2,000 చొప్పున. ఎక్కువైన బరువును దించే ఖర్చు కూడా మనదే. ఇసుకైతే పారపోసి కొంత దించవచ్చు. ప్రొక్లెయిన్‌లో ఏ ముక్క దించుతాం?

అందుకే బయానా ఇచ్చేముందు ట్రైలర్‌ను ఖాళీగా కాటా వేయించండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర టీ తాగి వచ్చేయండి.

అపోహ: ప్లేటు మందంగా ఉంటే బండి గట్టిది

కొనేవారు వేళ్ల కణుపులతో బీమును తట్టి, శబ్దం విని తల ఊపుతారు. నేనూ ఊపాను. బీము వంగకుండా నిలిచేది ప్రధానంగా దాని లోతు వల్ల. ఒకే మందం ఉన్న రెండు పట్టీల్లో ఒకటి రెట్టింపు లోతుంటే అది నాలుగు రెట్లు తట్టుకుంటుంది. మందం పెంచితే బలం కొంత పెరుగుతుంది, సొంత బరువు బాగా పెరుగుతుంది. ఆ బరువును జీవితాంతం డీజిల్ పోసి మోయాలి, పైగా పై లెక్కలో అంత కోసేసుకోవాలి.

హై టెన్సైల్ ఉక్కు వాడామంటే మంచిదే, తక్కువ బరువులో ఎక్కువ బలం. అయితే అదే కొలత బీము ఏ ఉక్కుతో చేసినా లోడు కింద వంగేది ఒకేలా వంగుతుంది. విరగకుండా, శాశ్వతంగా ఒంకర పోకుండా నిలిచే హద్దు మాత్రమే పెరుగుతుంది. దానికి పగులు వస్తే ఊరి చివర వెల్డింగు షాపులో ఏ రాడ్ పడితే ఆ రాడ్‌తో అతికించే వీలు లేదు.

అసలు చూడవలసిన చోటు మెడ వంపు. డెక్ నుంచి మెడ పైకి లేచే మూల దగ్గరే బరువంతా మెలితిరుగుతుంది, పగులు అక్కడే పుడుతుంది. పెయింటు మీద పాపిటలో కుంకుమ గీతలా సన్నని తుప్పు చార కనిపిస్తే అది పగులేనని అనుమానించాలి. కొత్త పెయింటు వేసి ఉంటే మరీ అనుమానించాలి. నేను చేసే పరీక్ష తేలిక. అనుమానం ఉన్న చోట పెయింటు గీకించి, కిరసనాయిలు గుడ్డతో బాగా తడుపుతాను. పావుగంట ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన ముగ్గుపిండి చల్లుతాను. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు మెల్లగా పైకి ఊరి తెల్లపిండి మీద తడిగీత గీస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒకసారి ఇలా చేస్తుంటే బండి యజమాని నవ్వాడు. గీత జానెడు పొడవు తేలాక ధర తనే తగ్గించాడు. నేను కొనలేదు.

అపోహ: మిషనును వెనక్కి జరిపి నిలిపితే లాగే బండికి తేలిక

తేలికే, ఆ తేలికే ప్రమాదం. ట్రైలర్ మెడ కింద ఉండి ఫిఫ్త్ వీల్‌లో దిగే మేకు కింగ్ పిన్. దాని నుంచి ట్రైలర్ యాక్సిళ్ల నడిబొడ్డుకు 10 మీటర్లు అనుకోండి. 21 టన్నుల మిషను బరువు కేంద్రం పిన్‌కు 6 మీటర్ల దూరంలో ఉంటే యాక్సిళ్ల మీద 12.6 టన్నులు, పిన్ మీద 8.4 పడతాయి. ఒక్క మీటరు వెనక్కి జరిపితే పిన్ మీద 6.3 మాత్రమే మిగులుతుంది. లాగే చక్రాలను రోడ్డుకు అదిమి పట్టు ఇచ్చేది పిన్ మీద పడే ఆ బరువే.

సాలూరు ఘాట్‌లో వాన కురుస్తుండగా ఈ పాఠం నేర్చుకున్నాను. మలుపు మీద లాగే చక్రాలు పట్టు దొరక్క ఉన్నచోటే గిర్రున తిరిగాయి. క్లీనర్ కుర్రవాడు రాయి పట్టుకొని వెనుక చక్రం దగ్గరకు పరుగెత్తడం అద్దంలో చూశాను. ఆ తరువాత డెక్ మీద ఏ మిషనుకు ఎక్కడ నిలపాలో పసుపు పెయింటుతో గీతలు గీయించాను. కొనేటప్పుడు డెక్ పొడవు ఒక్కటే కొలవకండి. మీ మిషనును ముందుకు నిలపడానికి మెడ అడ్డు రాకుండా చోటుందో లేదో కొలవండి.

అపోహ: ఆపరేటరు నేర్పరి అయితే ర్యాంపు ఏదైనా ఒకటే

మిషన్ల మాన్యువళ్లలో ర్యాంపు వాలు 15 డిగ్రీలు దాటవద్దని సాధారణంగా రాస్తారు. 90 సెంటీమీటర్ల డెక్‌కు ఆ వాలు రావాలంటే ర్యాంపు దాదాపు మూడున్నర మీటర్లుండాలి. మార్కెట్‌లో రెండు మీటర్లవి తగిలించి అమ్ముతుంటారు, అప్పుడు వాలు 27 డిగ్రీలకు చేరుతుంది. డెక్ తోక భాగం కిందికి వాలి ఉంటే కొంత నయం. ఎక్కి డెక్ మీదకు తూగే ఆ ఒక్క క్షణంలో ఎంత నేర్పరి చేతిలోనైనా మిషను గాలిలో ఉన్నట్టే.

అపోహ: 20 టన్నుల మిషను, దాని బరువే దాన్ని పట్టి ఉంచుతుంది

ఇనుప చైన్ల కింద ఇనుప డెక్, మధ్యలో తడి బురద. కారు గట్టిగా ఆగినంత బ్రేకు కూడా అక్కరలేదు, గురుత్వంలో సగం చొప్పున మందగించినా 20 టన్నుల మిషను 10 టన్నుల జోరుతో ముందుకు తోస్తుంది. ముందున్నది డ్రైవరు క్యాబిన్. చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి ఊరుకోకండి, నాలుగు మూలలా గొలుసులు బిగించండి. కొనేటప్పుడు గొలుసు కొక్కేలు నేరుగా బీముకు వెల్డ్ చేసి ఉన్నాయా, డెక్ రేకుకు అతికించారా చూడండి. రేకుకైతే వద్దు.

అపోహ: డెక్ మీద పట్టింది కాబట్టి వెడల్పు సమస్య లేదు

రోడ్డు మీద అనుమతించిన వెడల్పు 2.6 మీటర్లు. 20 టన్నుల తరగతి మిషను చైన్ల బయటి అంచుల మధ్యే దాదాపు 2.8 ఉంటుంది. డెక్‌ను మూడు మీటర్లకు పెంచి కట్టించుకుంటే మిషను పడుతుంది, చట్టం పట్టదు. ఓడీసీ, అంటే కొలతలు మించిన లోడుకు ఇచ్చే అనుమతి తీసుకోవాలి. ఇరువైపులా బయటికి పొడుచుకొచ్చిన లోడుకు కూడా 194 కిందే 20,000 జరిమానా ఉంది.

పాత బండి కొనేవారికి ఒక మాట. ట్రైలర్‌కు లాగే బండితో సంబంధం లేకుండా సొంత ఆర్‌సీ ఉంటుంది. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, ఫైనాన్స్ బాకీ అన్నీ విడిగా చూడాలి. ఆర్‌సీలోని ఖాళీ బరువును మీ కాటా చీటీ పక్కన పెట్టండి. ఒకటి రెండు టన్నులు ఎక్కువ తూగితే, రిజిస్ట్రేషన్ తరువాత ఎవరో డెక్ సాగదీశారో, బీముకు ప్లేట్లు అతికించారో అడగండి. ఛాసిస్ నంబరు చోట గీకి, మళ్లీ పెయింటు వేసినట్టుంటే అడగడానికి కూడా ఆగకండి.