తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేస్తే ఏమవుతుంది?

లైనక్స్‌లో ఏళ్ల తరబడి సాఫీగా నడిచిన ప్రోగ్రామ్, విండోస్‌కి తీసుకెళ్లగానే తన టెంపరరీ ఫైల్‌ను తానే తీసేయలేక చతికిలబడుతుంది. ఈ తగువు 1970ల నాటిది.

బెల్ ల్యాబ్స్‌లో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌ను తయారుచేసినప్పుడు ఫైల్‌ను, దాని పేరును విడదీశారు. డైరెక్టరీలో ఉండేది పేరు, ఐనోడ్ నంబరు (అసలు ఫైల్‌ను సిస్టమ్ గుర్తుపట్టే అంకె). అన్‌లింక్ చేస్తే, అంటే యూనిక్స్‌లో ఫైల్‌ను తీసేస్తే, పోయేది ఆ పేరే. ఎవరైనా ఫైల్‌ను తెరిచి ఉంచినంతసేపు డేటా డిస్కులోనే ఉంటుంది. అందుకే ఫైల్ తెరిచి, వెంటనే అన్‌లింక్ చేసి, పేరు లేకుండానే పని కానివ్వడం ప్రోగ్రామర్లకు అలవాటైంది. ప్రోగ్రామ్ మధ్యలో కూలినా చెత్త మిగలదు. తలనొప్పీ ఉంది లెండి: గిగాబైట్ల లాగ్ ఫైల్‌ను తీసేశాక కూడా డిస్కులో మిగిలిన జాగా చెప్పే డీఎఫ్ కమాండ్ మాత్రం డిస్కు నిండే ఉందంటుంది, కనిపించే ఫైళ్ల సైజులు కూడే డీయూ ఖాళీ ఉందంటుంది. సర్వీసు రీస్టార్ట్ చేస్తే గానీ జాగా తిరిగి రాదు.

1980ల మధ్యలో సన్ మైక్రోసిస్టమ్స్, వేరే మెషీన్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా వాడుకునే ఎన్ఎఫ్ఎస్ తెచ్చింది. ఫైళ్లు ఉంచే సర్వర్ రీబూట్ అయినా, వాటిని వాడే క్లయింట్ల పని ఆగకూడదని, ఎవరు ఏ ఫైల్ తెరిచారో సర్వర్ అసలు గుర్తుపెట్టుకోని పద్ధతి ఎంచుకున్నారు. దాంతో భారం క్లయింట్ మీద పడింది. తెరిచి ఉన్న ఫైల్‌ను తీసేయమంటే, చుక్క, ఎన్ఎఫ్ఎస్ అనే అక్షరాలతో మొదలయ్యే పేరొకటి దానికి తగిలించి దాచేస్తుంది, మూసినప్పుడు తీసేస్తుంది. దీన్ని సిల్లీ రీనేమ్ అంటారు. ఖాళీ అనుకున్న డైరెక్టరీ ఖాళీగా లేదంటూ, తీసేసే కమాండ్ ఆర్ఎం మొరాయించేది చాలాసార్లు ఇందువల్లే. క్లయింట్ క్రాష్ అయితే ఆ ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి. ఇంకో మెషీన్ నుంచి ఎవరైనా ఫైల్ తీసేస్తే ఈ కిటుకూ పారదు, చదువుతున్న ప్రోగ్రామ్‌కు స్టేల్ ఫైల్ హ్యాండిల్ (తెరిచిన ఫైల్‌కు ఇచ్చిన గుర్తు ఇక చెల్లదు) అనే ఎర్రర్ వస్తుంది.

విండోస్ దారి వేరు. తాను ఫైల్ తెరిచి ఉంచినంతసేపు ఇతరులు దాన్ని చదవచ్చా, రాయచ్చా, తీసేయచ్చా అన్నది తెరిచే ప్రోగ్రామే ముందుగా చెప్పాలి. తీసేయడానికి అనుమతి ఇవ్వకపోతే అంతే సంగతులు. ఇచ్చినా, చివరి హ్యాండిల్ మూసేదాకా పాత పేరు పోయేది కాదు, అదే పేరుతో కొత్త ఫైల్ పెట్టబోతే యాక్సెస్ డినైడ్. కోడ్ మార్పులను దాచిపెట్టే గిట్‌ను విండోస్‌లో వాడేవాళ్లకు అన్‌లింక్ కుదరలేదు, మళ్లీ ప్రయత్నించనా అనే ప్రశ్న బాగా పరిచయమే. విండోస్ 10 కాలంలో, విండోస్ తన డిస్కులకు మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌కు యూనిక్స్ తరహా తొలగింపు వచ్చింది. పెన్‌డ్రైవ్‌లలో తరచూ కనిపించే పాత ఫైల్ సిస్టమ్ ఫ్యాట్‌కు రాలేదు. అంటే అదే విండోస్‌లో సీ డ్రైవ్‌ది ఒక తీరు, పెన్‌డ్రైవ్‌ది ఇంకో తీరు.

సీ భాష ప్రమాణం ఈ పంచాయితీలో తలదూర్చనే లేదు. తెరిచి ఉన్న ఫైల్‌పై దాని రిమూవ్ ఫంక్షన్ ఏం చేయాలో ఆయా సిస్టమ్‌లకే వదిలేసింది. పైథాన్ భాషలో టెంపరరీ ఫైల్‌ను విండోస్‌లో మూసి, తిరిగి పేరుతో తెరుచుకున్నా చివర్లో అది దానంతటదే తొలగిపోయే ఆప్షన్ 2023లో, 3.12 వెర్షన్‌తో గానీ రాలేదు.