పైపు మీద ఏం రాసుందో చదవండి: పాత స్పోర్ట్స్ కార్ల పెట్రోల్ పైపులపై అపోహలు - వాస్తవాలు

పోయిన ఎండాకాలం అనంతపురంలోని నా షెడ్డుకు ఒక ఎర్ర శాన్ స్టార్మ్ వచ్చింది. గోవాలో తయారైన రెండు సీట్ల కారు, ఫైబర్ బాడీ, లోపల రెనో 1.2 లీటర్ల ఇంజను. ఇప్పుడు ఎక్కడో గానీ కనపడదు. బెంగళూరులో కొని తెచ్చుకున్న పిల్లోడు ఒకటే మాట అన్నాడు: "పెట్రోల్ వాసన పోవడం ల్యా అన్నా. ఆర్నెల్ల ముందే పైపులన్నీ కొత్తవి ఏపిచ్చినా."

ఇంజను దగ్గర పైపు పట్టుకుంటే వేళ్లకు జిగురు తగిలింది. చుక్క కారడం లేదు. పైపంతా చెమట పట్టినట్టు తడిగా ఉంది. ఆర్నెల్ల పైపు అలా అయిందంటే తప్పు వయసుది కాదు, రకానిది. ఫైబర్ బాడీ ఒకసారి అంటుకుంటే రేకు బాడీలా నిలబడదు, అదీ కాలుతుంది. అందుకే ఈ విషయంలో నేను మొహమాటపడను. ఆ పిల్లోడిని ఆ పొద్దు బండి తీసుకుపోనివ్వలేదు.

అపోహ: నల్ల రబ్బరు పైపు ఏదైనా ఒకటే, సైజు సరిపోతే చాలు.

అంగట్లో మీటరు లెక్కన కోసి ఇచ్చే పైపుల్లో నీళ్లవీ ఉంటాయి, వ్యాక్యూమ్‌వీ ఉంటాయి. రేడియేటర్ పైపులు ఎక్కువగా ఈపీడీఎమ్ రబ్బరుతో చేస్తారు. వేడి నీళ్లకు అది బంగారం. పెట్రోల్ తగిలితే మాత్రం ఉబ్బి మెత్తబడుతుంది.

పెట్రోల్ పైపు కొనేటప్పుడు దాని మీద అచ్చు వేసిన అక్షరాలు చూడండి. ఎస్ఏఈ జె30 (పెట్రోల్ పైపులకున్న ప్రమాణం పేరు) అని, దాని పక్కన ఆర్6, ఆర్7, ఆర్9 అని ఏదో ఒకటి ఉండాలి. అసలేమీ రాయని పైపు నా షెడ్డులో వేయను. ఆర్6, ఆర్7 కార్బరేటర్ కాలం నాటివి, 50 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) వరకు పనికొస్తాయి. ఆర్9 ఫ్యూయల్ ఇంజెక్షన్ కోసం చేసింది, 100 పీఎస్ఐ. దాని లోపలి పొర ఎఫ్‌కేఎమ్ అనే ఫ్లోరిన్ రబ్బరు.

"మా బండి పంపు 3 బార్ ఇస్తుంది, అంటే 44 పీఎస్ఐ, ఆర్7 సరిపోతుంది గదా" అని లెక్క చెప్పేవాళ్లున్నారు. ఆ 50 కొత్త పైపుకు. మే నెలలో మన ఊరి ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, మూసి ఉన్న బానెట్ కింద, నాలుగేళ్ల వయసున్న పైపుకు ఆ ఆరు పీఎస్ఐల తేడా ఒక ఆసరానే కాదు.

ఒత్తిడి ఒక ఎత్తు, ఆవిరి ఇంకో ఎత్తు. రబ్బరు గోడలోంచి పెట్రోల్ నెమ్మదిగా బయటికి వస్తూనే ఉంటుంది. ఒక చదరపు మీటరుకు రోజుకు ఆర్7లో 550 గ్రాముల దాకా పోవచ్చని ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఆర్9కు ఆ హద్దు 15 గ్రాములు. ఇంటి కిందే కారు పెట్టుకుని పైన పిల్లలతో పడుకునేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

అపోహ: కార్బరేటర్ బండికి ఆర్9 దండగ.

ఒత్తిడి మాత్రమే చూస్తే నిజమే, ఆ పంపు ఇచ్చేది మూడు నుంచి ఐదు పీఎస్ఐ. కానీ పెట్రోల్ మారిపోయింది. 2022లో దేశమంతా 10 శాతం ఇథనాల్ కలిసింది. 2023 ఫిబ్రవరిలో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, అమ్మకం మొదలైంది, ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది అదే. 80ల నాటి, 90ల నాటి రబ్బరు దీని కోసం చేసింది కాదు. పద్మినికైనా, కాంటెస్సాకైనా నేను ఆర్9 వేస్తాను. ఖరీదు ఎక్కువే, కానీ బండి మొత్తానికి పట్టేది కొన్ని మీటర్లే. ఇథనాల్ ట్యాంకులోని పాత మడ్డిని కూడా కదిలిస్తుంది కాబట్టి, పైపులు మార్చినప్పుడు ఒకసారి, కొన్నాళ్లకు ఇంకోసారి ఫిల్టర్ మార్చండి.

అపోహ: స్టీల్ జాలీ పైపు వేస్తే జన్మకు చూసుకోనక్కర్లేదు.

స్పోర్ట్స్ కారు వాళ్లకు దీని మీద మోజెక్కువ. చూడ్డానికి బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ లోపల మామూలు రబ్బరే ఉంటే అది పగిలినా జాలీ కనపడనివ్వదు. మామూలు పైపును వంచి చూస్తే పగుళ్లు తెలుస్తాయి, దీనికి ఆ దారి లేదు. పైగా ఆ జాలీ రంపంలా పని చేస్తుంది. వైరింగ్‌కు రాసుకుంటే వైరు తొడుగును కోసేస్తుంది. వేయాలనుకుంటే లోపల పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర ఉన్నది, దానికి సరిపడే ఫిట్టింగులతో వేయించుకోండి. జాలీ పైపును నిపిల్‌కు, అంటే పైపు ఎక్కించే లోహపు మూతికి, తొడిగి మీద క్లిప్పు బిగించడం పని కాదు.

అపోహ: క్లిప్పు ఎంత బిగిస్తే అంత మంచిది.

ఈ తప్పు మొదట్లో నేనూ చేశాను. పట్టీకి చిల్లులున్న క్లిప్పును శక్తికొద్దీ బిగించేవాణ్ని. ఆ చిల్లుల అంచులు రబ్బరులోకి దిగి, కొన్ని నెలలకు సరిగ్గా అక్కడే పైపు కోసుకుపోయింది. అదృష్టం కొద్దీ బండి షెడ్డు ముందే ఆగి ఉంది. ఇంజెక్షన్ పైపులకు పట్టీ నున్నగా, అంచులు పైకి మడిచి, నట్టుతో బిగించే క్లిప్పులు వేరే ఉంటాయి. అవే వాడండి. పైపు నిపిల్ మీదికి ఒక అంగుళం దాకా ఎక్కాలి, క్లిప్పు నిపిల్ చివరి గుబ్బకు వెనక కూర్చోవాలి.

అపోహ: ఇంజను దగ్గర మారిస్తే చాలు.

చాలదు. రిటర్న్ పైపు, ట్యాంకు గాలి పైపు, పెట్రోల్ పోసే మూతి దగ్గరి లావు పైపు అన్నీ ఒకే వయసువి. ఇంకో సంగతి: ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకు ఆర్9 పనికిరాదు, దాని బయటి పొర పెట్రోల్‌లో నానడానికి చేసింది కాదు. అక్కడ ఆర్10 అని రాసి ఉన్నదే వేయాలి.

విప్పే ముందు ఇంజను నడుస్తుండగా పంపు ఫ్యూజు తీసి, దానంతట అదే ఆగేదాకా ఉండండి. లైనులో ఒత్తిడి పోతుంది. తర్వాత బ్యాటరీ తీయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గుంతలో నిలిచిపోతుంది. కాబట్టి ఈ పని గుంతలో దిగి చేయొద్దు, ఆరుబయట చేయండి. పొడి మందు ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. పైపును పదునైన బ్లేడుతో కోయండి. హ్యాక్సా పెడితే రబ్బరు పొట్టు నేరుగా ఇంజెక్టర్లలోకి పోతుంది.

శాన్ స్టార్మ్‌కు ట్యాంకు నుంచి ఇంజను దాకా అన్నీ మార్చడానికి రెండు రోజులు పట్టింది. స్టార్ట్ చేసి ప్రతి అతుకునూ టార్చి వేసి చూశాం. రాత్రంతా మూసిన షెడ్డులో పెట్టి, పొద్దున్నే తలుపు తీయగానే వాసన చూశాం. లేదు. గుత్తి దాకా పోయొచ్చి, క్లిప్పులన్నీ ఇంకోసారి తడిమి చూశాకే తాళాలు ఆ పిల్లోడి చేతికిచ్చాను.