సెల్ఫ్ కొట్టే ముందు రెండు చుట్లు చేత్తో తిప్పండి

పిల్లలూ,

ఆ పాత ఇండికా డీజిల్‌కి క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) గ్రైండింగ్ అయిపోయి వచ్చిందని, రేపు మీ ఇద్దరే కొత్త బెల్టు వేసి టైమింగ్, అంటే పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి సరిగ్గా కలిసి నడిచేలా, పెడతారని మీ నాన్న చెప్పాడు. నేను పక్కన ఉండలేను కాబట్టి రాస్తున్నా.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే షాఫ్ట్, అదే క్యామ్, ఒక్క చుట్టే తిరుగుతుంది, అందుకే క్యామ్ గేరుకి పళ్లు రెట్టింపు ఉంటాయి. క్రాంక్ గేరుకి 20 పళ్లున్నాయనుకోండి, బెల్టు ఒక్క పన్ను జరిగితే క్రాంక్ 18 డిగ్రీలు తప్పినట్టే. డీజిల్లో పిస్టన్ వాల్వుల దగ్గరికంటా వస్తుంది, కాస్త ఎక్కువ తప్పితే వాల్వులు వంగుతాయి, మళ్లీ హెడ్ దించాలి. పైగా దీంట్లో డీజిల్ పంపు కూడా అదే బెల్టు మీద నడుస్తుంది కాబట్టి క్రాంక్, క్యామ్, పంపు గేర్ల మీదున్న మూడు గుర్తులూ ఒకేసారి కలవాలి.

బెల్టు కంటే ముందు క్రాంక్ ముక్కు మీదున్న కీ చూడండి, గేరు షాఫ్ట్ మీద జారకుండా గాడిలో పట్టుకునే చిన్న ఇనుప ముక్క అది. విజయవాడ ఆటోనగర్లో పనిచేసే రోజుల్లో ఒక డీజిల్ కారుకి గ్రైండింగ్ తర్వాత పాత కీనే వేసేశాను, గాడి కాస్త అరిగి ఉన్నా పట్టించుకోలేదు. గుర్తులన్నీ సరిగ్గా కలిశాయి, బండి కూడా చక్కగా వెళ్లింది. నాలుగో రోజు నల్లపొగతో వచ్చి షెడ్డు ముందే ఆగిపోయింది. పుల్లీ విప్పితే కీ సగానికి తెగి ఉంది, గేరు షాఫ్ట్ మీద పక్కకి జరిగింది. గేరు మీది గుర్తు గేరు సంగతే చెబుతుంది, లోపల పిస్టన్ ఎక్కడుందో చెప్పదు. అందుకే కీ గాడిలో బిగుతుగా కూర్చోవాలి, వేలితో కదిపితే కదలకూడదు, పుల్లీ బోల్టు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి బిగించాలి.

బెల్టు ఎక్కించేటప్పుడు టెన్షనర్ (బెల్టుని బిగువుగా నొక్కి పట్టే చక్రం) లేని వైపు ముందు బిగువుగా లాగి పెట్టండి, వదులంతా టెన్షనర్ వైపే మిగలాలి. అలా కాకపోతే టెన్షన్ ఇవ్వగానే క్యామ్ ఒక పన్ను జరిగిపోతుంది, మీరేమో గుర్తులు కలిపేశామనే ధైర్యంతో ఉంటారు. బెల్టుని మడవొద్దు, నూనె చేతులతో పట్టుకోవద్దు.

తర్వాత హీటర్ ప్లగ్గులు (స్టార్టింగ్‌కి సిలిండర్లని వేడిచేసేవి) తీసి, క్రాంక్ బోల్టుకి పానా పెట్టి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే మెల్లగా రెండు నిండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం వాడొద్దు, అది వాల్వు పిస్టన్‌కి తగలడమే కావచ్చు, బెల్టు విప్పి మొదటి నుంచి పెట్టండి. కొత్త బెల్టు మీద అచ్చేసిన గీతలు రెండు చుట్లకి తిరిగి రాకపోతే కంగారు పడకండి, గేర్ల గుర్తులు కలిస్తే చాలు.

స్టార్ట్ చేశాక ఆయిల్ లైటు ఆరిపోవాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే నాకు ఫోన్ చేసి ఇంజిన్ దగ్గర పెట్టండి, ఆ శబ్దం నేనూ వింటాను.

మీ తాతయ్య