తీరపల్లె జ్ఞాపకం ఎవరి చేతిలో: మౌఖిక చరిత్ర సేకరణ వెనుక కథ

చిన్న మత్స్యకార పల్లె చరిత్రను అక్కడి పెద్దల నోట విని భద్రపరచాలన్న ఆలోచనకు ఇప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పరు. తగాదా వచ్చేది ఆ తర్వాతి ప్రశ్నల దగ్గరే. ఏమి అడగాలి, చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి, రికార్డు చేసినది చివరికి ఎవరి దగ్గర ఉండాలి అన్నవి తేలని విషయాలుగానే ఉన్నాయి. వీటి వెనుక దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. జానపద పరిశోధకులు, చరిత్రకారులు, మత్స్య శాస్త్రజ్ఞులు, న్యాయస్థానాలు తీరపల్లెల వైపు వేర్వేరు కాలాల్లో చూశారు. ఎవరికి కావలసింది వారు అడిగి తీసుకున్నారు. ఇవాళ సేకరణకు బయలుదేరేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు అక్కడి నుంచి సంక్రమించినవే.

వ్యవసాయ గ్రామానికి భూమి ఉంటుంది గనుక దాని వెంట శిస్తు లెక్కలు, సరిహద్దు వ్యాజ్యాలు, దస్తావేజులు ఉంటాయి. సముద్రానికి గట్లు లేవు. వేట తావు మీద హక్కు పల్లెకూ పల్లెకూ మధ్య కట్టుబాటుగా, తండ్రి కొడుక్కి చూపించిన గుర్తుగా నడిచిందే తప్ప చాలాచోట్ల కాగితం మీదికి ఎక్కలేదు. ప్రభుత్వాలు రాసుకున్నవి రేవు సుంకాలు, ఎగుమతి లెక్కలు, తుపానులో పోయిన ప్రాణాల సంఖ్య. పడవ ఎవరు కట్టారు, వల ఎప్పుడు మారింది, అప్పు ఎవరి దగ్గర తెచ్చారు, వేటకు వెళ్లినవాళ్లు తిరిగి రాని ఏడాది ఆ ఇళ్లు ఎలా గడిచాయి అన్నవి మనుషుల తలల్లోనే ఉండిపోయాయి. పైగా వేటగాడి పరిజ్ఞానంలో పెద్ద భాగం కళ్లలో, చేతుల్లో ఉంటుంది. ఒడ్డున ఉన్న రెండు గుర్తులు ఒక వరుసలోకి, మరో రెండు ఇంకొక వరుసలోకి వచ్చిన చోట నీటి అడుగున రాతిదిబ్బ ఉందని ఎరిగిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి చెప్పమంటే సగమే చెప్పగలడు. మిగతా సగం పడవలో ఉండగా అడిగితేనే బయటికి వస్తుంది.

ప్రభుత్వమే పూనుకుని ఇలాంటి జ్ఞాపకాలను పెద్ద ఎత్తున సేకరించిన తొలి ప్రయత్నాల్లో ఐర్లాండ్‌ది ఒకటి. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్ పూర్తికాలపు సేకర్తలను నియమించి పల్లెలకు, ద్వీపాలకు పంపింది. వారి చేతిలో ఉన్న ఎడిఫోన్ యంత్రం గొంతును మైనపు గొట్టం మీద ముద్రించేది. గొట్టాలు ఖరీదైనవి కావడంతో, మాటలను పుస్తకంలోకి ఎక్కించిన తర్వాత వాటిని చెక్కి నునుపు చేసి మళ్లీ వాడేవారు. అందువల్ల మాటలు మిగిలాయి, ఆ మాటలు పలికిన గొంతులు చాలావరకు పోయాయి. 1937–38లో ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత ఇంటి పెద్దలను, ఇరుగుపొరుగును అడిగించి రాయించిన సంకలనం ఒక్కటే సుమారు 7,40,000 పుటలు ఉంటుంది. ఈ ప్రయత్నంలో అందరికంటే పేరు పొందిన కథకుల్లో ఒకరు పడమటి తీరాన గ్రేట్ బ్లాస్కెట్ అనే చిన్న ద్వీపంలో జీవించిన పెగ్ సేయర్స్. తన జీవితకథను ఆమె నోటితో చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు. కమిషన్ సేకర్తలు ఆమె దగ్గర వందల కథలు విన్నారు. యువత వలసపోయి జనం పలచబడిన ఆ ద్వీపాన్ని 1953లో ఖాళీ చేయించారు. కమిషన్ చూపు ప్రధానంగా పాత కథల మీద, నమ్మకాల మీద, కనుమరుగవుతున్న భాష మీద ఉండేది. పల్లె అంతరించే ముందు దాని గతాన్ని దాచిపెట్టాలన్న తొందరలో, పల్లె ఎందుకు అంతరిస్తున్నదన్న ప్రశ్నకు దక్కవలసినంత చోటు దక్కలేదు.

చరిత్రకారులు ఈ వైపు చూడడానికి మరికొంత కాలం పట్టింది. అమెరికాలో 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో అలన్ నెవిన్స్ మొదలుపెట్టిన మౌఖిక చరిత్ర కార్యక్రమం తొలినాళ్లలో రాజకీయ నాయకులు, అధికారులు, వ్యాపార ప్రముఖుల జ్ఞాపకాలనే రికార్డు చేసింది. 1963లో వచ్చిన క్యాసెట్ రికార్డింగును తేలికచేసింది. కార్మికుల, స్త్రీల, వలసదారుల చరిత్ర రాయాలన్న ఉద్యమం 1960, 70 దశకాల్లో బలపడింది. బ్రిటన్‌లో 1973లో మౌఖిక చరిత్ర సంఘం ఏర్పడింది. దాని స్థాపకుల్లో ముఖ్యుడైన పాల్ థాంప్సన్, సహ పరిశోధకులతో కలిసి బ్రిటిష్ మత్స్యకార సమాజాల మీద చేసిన అధ్యయనం 1983లో వెలువడింది. మగవాళ్లు రోజుల తరబడి సముద్రం మీద ఉండే చోట ఇల్లు, డబ్బు, పిల్లల పెంపకం స్త్రీల చేతిలో ఎలా నడిచాయన్నది ఆ పల్లెల భవిష్యత్తును నిర్ణయించిన విషయాల్లో ఒకటని ఆ అధ్యయనం చూపింది. ఈ పాఠం చాలా సేకరణలకు ఇంకా ఒంటబట్టలేదనే చెప్పాలి. ఇప్పటికీ రికార్డరు ముందు మొదట కూర్చునేది పడవ నడిపిన పెద్దమనిషే. చేపలను అమ్మి, ఎండబెట్టి, అప్పు తీర్చి, ఆ డబ్బు లెక్క మనసులో పెట్టుకున్న ఆడమనిషి పక్కనే నిలబడి ఆయన మరిచిపోయిన పేర్లను అందిస్తూ ఉంటుంది. రాతప్రతిలో ఆమె పేరు ఉండదు.

కెనడా తూర్పు తీరాన న్యూఫౌండ్లాండ్ కథను కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సేకరణ, నిర్లక్ష్యం, పశ్చాత్తాపం మూడూ అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. 1954 నుంచి 1975 వరకు సాగిన పునరావాస కార్యక్రమాల కింద దాదాపు 300 చిన్న తీరపల్లెలు ఖాళీ అయ్యాయి. సుమారు 30,000 మంది తరలిపోయారు. ఆ తరలింపులు సాగుతుండగానే 1968లో మెమోరియల్ విశ్వవిద్యాలయంలో జానపద, భాషా భాండాగారం నెలకొంది. పాటలు, కథలు, పనిముట్ల వివరాలు అందులోకి చేరాయి. అయితే అదే తీరపు మత్స్యకారులు చేపల గురించి చెప్పిన మాటను వినవలసిన చోట వినలేదు. 1980ల మధ్యలోనే ఒడ్డుకు దగ్గరగా వేటాడేవారు కాడ్ చేప తగ్గుతోందని, పడుతున్నది కూడా చిన్నదైపోతోందని మొరపెట్టుకున్నారు. ప్రభుత్వ అంచనాలు మాత్రం పరిశోధన నౌకల సర్వేల మీద, పెద్ద ట్రాలర్ల పట్టు రేటు మీద ఆధారపడ్డాయి. మిగిలిన చేప ఎక్కడ గుమిగూడితే అక్కడికే వెళ్లగల ట్రాలరుకు నిల్వలు కరిగిపోతున్నా పట్టు తగ్గదు. తీరానికి చేప వస్తేనే వల నిండే చిన్న పడవకు ఆ లోటు ముందే తెలుస్తుంది. 1992 జులై 2న ప్రభుత్వం ఉత్తర కాడ్ వేటను నిషేధించింది. ఒక్క ప్రకటనతో సుమారు 30,000 మందికి పని పోయింది. రెండేళ్లకని చెప్పిన ఆ నిషేధాన్ని 2024లో గాని ఎత్తివేయలేదు.

నిషేధం వచ్చిన తర్వాత బార్బరా నీస్ తదితర పరిశోధకులు అవే పల్లెలకు వెళ్లి మత్స్యకారుల వేట జీవితాన్ని మొదటి నుంచి చెప్పించుకున్నారు. ఏ వయసులో ఏ పడవ ఎక్కారు, ఇంజను ఎప్పుడు మార్చారు, వల కన్ను ఎంత, ఏ తావుకు ఎంత దూరం పోయేవారు వంటి ప్రశ్నలవి. చేప తగ్గిందా అని సూటిగా అడిగితే వచ్చేది అభిప్రాయం. పాతికేళ్ల క్రితం ఒడ్డుకు కనిపించే దూరంలో నింపుకున్న పడవను ఇప్పుడు నింపాలంటే పెద్ద ఇంజను, ఎక్కువ వలలు, ఎక్కువ గంటలు కావాలని జీవితకథలో బయటపడితే అది లెక్కకు అందే ఆధారం అవుతుంది. ప్రశ్న అడిగే పద్ధతిలో వచ్చిన ఈ మార్పు, నా దృష్టిలో, రికార్డింగు యంత్రాల్లో వచ్చిన మార్పుల కంటే పెద్దది.

శాస్త్రజ్ఞుల్లో అంతకు ముందే విన్నవారు లేకపోలేదు. 1970ల్లో పసిఫిక్‌లోని పలావు ద్వీపాల్లో రాబర్ట్ యోహానస్ అనే జీవశాస్త్రజ్ఞుడు అక్కడి అనుభవజ్ఞులైన వేటగాళ్ల దగ్గర శిష్యరికం చేసినట్టుగా నేర్చుకున్నాడు. ఏ చేప చంద్రుడి ఏ దశలో, ఏ చోట గుడ్లు పెట్టడానికి గుంపుకడుతుందో వారు చెప్పిన జాబితా, అప్పటికి శాస్త్ర గ్రంథాల్లో ప్రపంచం మొత్తానికి నమోదైన జాబితా కంటే పొడవైనది. 1995లో మత్స్య శాస్త్రజ్ఞుడు డేనియల్ పౌలీ ఒక చిన్న వ్యాసంలో మరో సంగతి ఎత్తిచూపాడు: ప్రతి తరం మత్స్య శాస్త్రజ్ఞులూ తాము పని మొదలుపెట్టిన నాటి సముద్రాన్నే సహజ స్థితిగా భావిస్తారు గనుక, తరతరానికీ జరిగిన నష్టం లెక్కలోంచి జారిపోతుంది. ఆ మరుపు వేటగాళ్లకూ తప్పలేదని 2005లో మెక్సికో కాలిఫోర్నియా సింధుశాఖ నుంచి వచ్చిన అధ్యయనం చూపింది. మూడు తరాలకు చెందిన 108 మందిని అడిగితే, ఒకప్పుడు సమృద్ధిగా ఉండి తరిగిపోయాయంటూ పెద్దవాళ్లు చెప్పిన చేపజాతులు యువకులు చెప్పినవాటికి ఐదు రెట్లు, వేట తావులు నాలుగు రెట్లు ఉన్నాయి. తాత, తండ్రి, మనవడు ముగ్గురినీ విడివిడిగా వినాలన్న నియమానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

మరి పెద్దలు చెప్పిందంతా నిజమేనా? జీవితంలో పడిన అతిపెద్ద పట్టు గుర్తుంటుంది, ఖాళీ వలతో తిరిగొచ్చిన రోజులు గుర్తుండవు. ఆఫ్రికా సమాజాల మీద పనిచేసిన యాన్ వాన్సినా 1961లో ప్రచురించిన గ్రంథంలో, కళ్లారా చూసినవాడి సాక్ష్యాన్నీ తరాల మీదుగా అందిన సంప్రదాయాన్నీ వేర్వేరుగా పరీక్షించే పద్ధతులు రూపొందించాడు. ఇటలీలో అలెస్సాండ్రో పోర్టెల్లి ఇంకో అడుగు వేశాడు. టెర్ని అనే ఉక్కు పట్టణంలో ఒక కార్మికుడు 1949లో పోలీసుల చేతిలో చనిపోతే, చాలామంది ఆ మరణాన్ని 1953 నాటి ఉద్యోగాల తొలగింపు పోరాటంలో జరిగినట్టుగా చెప్పారు. ఆ మరణానికి వారి మనసులో ఉన్న అర్థమేమిటో ఆ పొరపాటే తెలియజేస్తుందని ఆయన వాదించాడు. తీరపల్లెలో తుపాను ఏడాది తప్పు చెప్పిన మనిషిని సరిదిద్దడానికి తొందరపడకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక తరాల మీదుగా వచ్చిన మాట ఎంత గట్టిగా నిలవగలదో ఇండోనేషియాలోని సిమేలూ ద్వీపం చూపింది. 1907 సునామీలో ఎందరో మరణించిన ఆ ద్వీపంలో, భూమి కంపించి సముద్రం వెనక్కి పోతే కొండకెక్కాలన్న హెచ్చరిక కథలుగా, జోలపాటలుగా నిలిచింది. 2004 డిసెంబరు 26న భూకంప కేంద్రానికి అంత దగ్గరలో ఉండి కూడా, దాదాపు 78,000 జనాభాలో మరణించినవారు ఏడుగురే.

నోటిమాట నీటిమూట అన్న ధోరణి న్యాయస్థానాల్లో మరింత కాలం సాగింది. కెనడాలో గిట్‌క్సాన్, వెట్‌సువెటెన్ తెగలు భూమి హక్కుల కోసం వేసిన దావాలో వృద్ధురాలు ఒకరు తమ వంశ చరిత్రలో భాగమైన పాటను సాక్ష్యంగా పాడబోతే, తన చెవికి సంగీతం పట్టదని న్యాయమూర్తి అన్నారు. 1991 తీర్పులో మౌఖిక చరిత్రకు స్వతంత్ర విలువ దక్కలేదు. 1997లో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి, మౌఖిక చరిత్రను లిఖిత ఆధారాలతో సమానంగా పరిగణించాలని చెప్పింది. ఆ తెగలు నది ఒడ్డున సాల్మన్ చేప మీద బతికే సమాజాలు. ఆ తీర్పు తర్వాత పల్లెలో చేసే రికార్డింగు ఏదో ఒకనాడు హక్కు పత్రంగా మారవచ్చన్న స్పృహ పెరిగింది. దాని రెండో వైపు కూడా ఉంది. నిషేధ కాలంలో వేటాడినట్టో, సరుకు దొంగచాటుగా దాటించినట్టో ఎవరైనా రికార్డులో చెబితే, రహస్యంగా ఉంచుతామన్న సేకర్త హామీ చట్టం ముందు నిలవకపోవచ్చు. ఉత్తర ఐర్లాండ్ సాయుధ పోరాటం గురించి అమెరికాలోని బోస్టన్ కాలేజీ దాచిన ఇంటర్వ్యూల మీద 2011లో సమన్లు వచ్చి, వాటిలో కొన్ని పోలీసులకు చేరడంతో ఈ విషయం అందరికీ తెలిసివచ్చింది. వేట తావుల సంగతి ఇంకా సున్నితమైనది: దిబ్బ ఎక్కడుందో రికార్డు నుంచి బయటికి పొక్కితే పెద్ద పడవలు అక్కడికి చేరడానికి ఎంతో కాలం పట్టదు. అందుకే ఆ భాగాలను వేరుచేసి, ఎవరు ఎప్పుడు వినవచ్చునో పల్లెవాళ్లే నిర్ణయించేలా ముందుగా ఒప్పందం రాసుకోవడం ఇప్పుడు మంచి పద్ధతిగా గుర్తింపు పొందింది.

తీసుకున్నదాన్ని తిరిగి ఇవ్వడం గురించి మాత్రం అందరికంటే ఎక్కువ చెప్పగలిగేది జపాన్ అనుభవం. 1949లో అక్కడి మత్స్య శాఖ మద్దతుతో పరిశోధకులు దేశమంతటి తీరపల్లెల నుంచి పాత పత్రాలను అరువు తెచ్చుకున్నారు. 1955 ప్రాంతంలో నిధులు ఆగిపోయి పథకం మూతపడింది. పత్రాలు పెట్టెల్లోనే ఉండిపోయాయి. అవి రాతపత్రాలే అయినా, పల్లె నమ్మి ఇచ్చినది బయటివారి గదిలో చిక్కుకుపోవడం టేపులకూ పట్టే గతే. ఆ బృందంలో యువకుడిగా పనిచేసిన చరిత్రకారుడు అమినో యొషిహికో తర్వాతి దశాబ్దాల్లో ఊరూరా తిరిగి, క్షమాపణ చెప్పుకుంటూ వాటిని యజమానులకు అప్పగించాడు. ఆ అనుభవాలు 1999లో పుస్తకంగా వచ్చాయి. నోతో ద్వీపకల్పంలోని తొకికుని కుటుంబానికి పత్రాలు తిరిగి ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఏర్పడిన పరిచయం 1980ల్లో కొత్త పరిశోధనకు దారితీసింది. పెద్ద భూస్వాములుగానే చరిత్రలో కనిపించిన ఆ కుటుంబం సొంత ఓడలతో దూరప్రాంతాలకు సముద్ర వ్యాపారం చేసిందని, రైతులుగా నమోదైన తీరవాసుల్లో ఎందరో నిజానికి సముద్రం మీద బతికారని అందులో తేలింది.