మాండొలిన్ ఎంతలో కొనాలి? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో మాండొలిన్ నేర్పుతాను, పాడైనవి బాగుచేస్తాను. కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు మొదట అడిగేది ధర గురించే. ఆ ధర చుట్టూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు నన్ను నిజంగా బాధపెడతాయి.

అపోహ: నేర్చుకునేవాళ్లకు ఏదైనా చాలు, చెయ్యి తిరిగాక మంచిది కొనవచ్చు.

వాస్తవం: పిల్లలు మధ్యలో మానేయడానికి తరచూ ఈ మాటే కారణం. మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. శ్రుతి వయొలిన్‌లాగే జి, డి, ఎ, ఇ. ప్రతి స్వరానికీ రెండు ఉక్కు తీగలను కలిపి నొక్కాలి. తీగలు మెట్లకు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలకు) మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు నొప్పి పుట్టడమే కాదు, అంత లోతుకు నొక్కేసరికి తీగ సాగి స్వరం పైకి జరుగుతుంది. చెవి ఇంకా కుదరని పిల్లవాడు ఆ అపస్వరాన్నే అలవాటు చేసుకుంటాడు.

అలాగని చవక వాద్యం వద్దని అనను. రూ. 5,000 నుంచి 8,000 లోపు వాటికి సాధారణంగా పైన ప్లైవుడ్ పలక ఉంటుంది. నాదం అంతగా విచ్చుకోదు కానీ, సరిచేయిస్తే శ్రుతిలో పలుకుతాయి. కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ఒక పరీక్ష చేయండి. 12వ మెట్టు మీద తీగకు వేలు ఊరికే ఆనించి మీటండి, తర్వాత అక్కడే నొక్కి మీటండి. రెండుసార్లూ ఒకే స్వరం రావాలి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోనులో ట్యూనర్ పెట్టుకోండి. తేడా వస్తే బ్రిడ్జి, అంటే పలక మీద తీగలను మోసే చెక్క ముక్క, జరపాలి. చాలా మాండొలిన్లలో దాన్ని అంటించరు, తీగల బిగువుకే నిలబడుతుంది. ఎంత జరిపినా కుదరకపోతే మెట్లే తప్పు చోట పడ్డాయన్నమాట, ఆ వాద్యం తీసుకోవద్దు. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు సుమారు రెండు మిల్లీమీటర్లు దాటితే తగ్గించమని అడగండి.

అపోహ: మెడ పక్కన చుట్ట తిరిగిన ఆకారం ఉంటే నాదం గొప్పగా ఉంటుంది.

వాస్తవం: ఆ చుట్ట చెక్కడానికి పనివాడి సమయం పడుతుంది, ధర పెరుగుతుంది. 1922లో గిబ్సన్ సంస్థ తెచ్చిన, చుట్ట ఉన్న ఎఫ్-5 నమూనాకు వచ్చిన కీర్తి వల్ల అందరి కళ్లూ దాని మీదే. అదే డబ్బుకు చుట్ట లేని ఎ నమూనాలో మంచి చెక్క దొరుకుతుంది. రూ. 20,000 దాటి ఖర్చు పెట్టగలిగితే అడగాల్సింది స్ప్రూస్ ఏకపలక గురించి, అంటే పొరలు అంటించకుండా స్ప్రూస్ అనే చెక్కతోనే చేసిన పై పలక గురించి. నాదరంధ్రం అంచును వెలుతురులో చూడండి: పైనున్న చెక్క గీతలు అంచులోకి అలాగే దిగితే ఏకపలక, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. నా దృష్టిలో పెట్టిన ప్రతి రూపాయీ చెవికి వినిపించేది ఈ ధరలోనే.

అపోహ: కర్ణాటక సంగీతానికైనా ఎనిమిది తీగల వాద్యమే కొనాలి.

వాస్తవం: జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం చాలా కష్టం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను ఎంచుకున్నారు, ఐదు తీగలతో కచేరీలు చేశారు. మీ అమ్మాయి వర్ణాలు, కృతులు నేర్చుకోబోతుంటే గురువును అడిగాకే కొనండి. ఎలక్ట్రిక్ అయితే ఆంప్లిఫయర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

అపోహ: ఖరీదైనదైతే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: నిజానికి ఏకపలకకే సంరక్షణ ఎక్కువ కావాలి. ఏప్రిల్, మే నెలల పొడిగాలికి చెక్క కుంచించుకుని పగుళ్లు పడవచ్చు, వానాకాలంలో తేమకు ఉబ్బి తీగల ఎత్తు మారుతుంది. వాద్యాన్ని పెట్టెలోనే ఉంచండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి, ఆ వేడికి జిగురు మెత్తబడి బ్రేసులు (పలకకు లోపల ఆసరాగా అంటించే చెక్క పట్టీలు) ఊడిపోవచ్చు.