కథల పుస్తకంతో చదువూ రాతా: అపోహలు - వాస్తవాలు

అపోహ: గుణింతాలు, వత్తులు పూర్తయ్యాకే పిల్లల చేతికి కథల పుస్తకం ఇవ్వాలి.

వాస్తవం: అంతదాకా ఆగితే పుస్తకం మీద ఆశే చచ్చిపోతుంది. వినడానికి అక్షరాలతో పనిలేదు. మాటల కింద వేలు జరుపుతూ చదివి వినిపిస్తే, రాత ఎడమ నుంచి కుడికి సాగుతుందని వాళ్ల కంటికి తెలుస్తుంది. అలాగని వినీ వినీ చదవడం దానంతటదే వస్తుందనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. అక్షరాల పాఠం రోజూ విడిగా జరగాల్సిందే.

అపోహ: పేజీ గడగడా చదివేసిందంటే పాపకు చదవడం వచ్చినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది కంఠస్థం, లేదా బొమ్మ చూసి ఊహించడం. "కొండముచ్చు కొమ్మెక్కింది" అని ఉన్నచోట "కోతి చెట్టెక్కింది" అంటుంది. అర్థం కుదిరింది కదా అని మనమూ ఊరుకుంటాం. బొమ్మను మూసేసి, ఆ మాటల్ని చీటీల మీద రాసి, కలిపేసి చూపించండి. ఎక్కడ ఆగుతుందో అక్కడే పాఠం.

అపోహ: చదివిన పుస్తకమే మళ్లీ చదవడం దండగ.

వాస్తవం: ఒక్కో పుస్తకానికి నాలుగు రోజులివ్వండి. మొదటిరోజు మధ్యలో ఆపకుండా కథంతా. రెండోరోజు "ఎందుకలా చేసింది?" లాంటి ప్రశ్నలు. మూడోరోజు మూడు నాలుగు కొత్త మాటలు, అంతకుమించి వద్దు. మించితే కథ కాస్తా నిఘంటువైపోతుంది. నాలుగోరోజు రాత.

అపోహ: రాత అంటే తప్పుల్లేకుండా చూసి రాయడం.

వాస్తవం: చూచిరాత దస్తూరికి మంచిదే, అంతవరకే. సొంతరాతకు కథలోని వాక్యాన్నే మూసగా వాడండి. "ఎలుక వచ్చింది, తలుపు తట్టింది" అన్నదాంట్లో ఎలుకను తీసేసి నచ్చిన జంతువును, అది చేసే పనిని పెట్టమనండి. పిల్లవాడు "తటింది" అని రాశాడనుకోండి, ఎర్రసిరాతో కొట్టేయకండి. "తట్... టింది" అని నెమ్మదిగా పలికించండి. నాలుక అంగిట్లో తగిలి కాసేపు ఆగడం వాడికే తెలుస్తుంది. ఆ ఆగినచోటే వత్తు. పూటకు ఒక్కరకం తప్పే దిద్దాలి. వత్తులూ దీర్ఘాలూ అన్నీ ఒకేసారి దిద్దితే మర్నాటి నుంచి తనకు బాగా వచ్చిన నాలుగు మాటలే రాస్తాడు. తప్పులు తగ్గుతాయి, రాతా తగ్గుతుంది.

అపోహ: తరగతికి తగ్గ పుస్తకమే ఇవ్వాలి.

వాస్తవం: తరగతిని కాదు, పేజీని చూడండి. పది మాటలకు ఒకటికంటే ఎక్కువ చోట్ల తడబడుతుంటే అది ఇప్పుడే సొంతంగా చదివే పుస్తకం కాదు. దాచేయకండి, మీరు చదివి వినిపించండి.