అడిగినవాడికల్లా జవాబిచ్చే ట్యాగ్

దుకాణంలో వేలాడే చొక్కా చీటీలో, ఆఫీసు గుర్తింపు కార్డులో, కారు తాళంచెవి పిడిలో, పాస్‌పోర్టు అట్టలో ఇప్పుడు ఒక చిన్న చిప్పు, దాన్ని అంటిపెట్టుకుని సన్నటి యాంటెన్నా ఉంటున్నాయి. ఈ జంటనే ట్యాగ్ అంటారు. చాలావాటిలో బ్యాటరీ ఉండదు. దగ్గర్లోని రీడర్ పంపే రేడియో తరంగాల నుంచే కాస్త శక్తి తీసుకుని, తనలో ఉన్న నంబరును తిప్పి పంపుతుంది. ఆర్‌ఎఫ్‌ఐడీ (రేడియో తరంగాలతో గుర్తింపు) అంటే ఇంతే. దొంగతనాలు ఆపడానికి, నకిలీలను పట్టుకోవడానికి, తలుపులకు కాపలా కాయడానికి పెట్టామని తయారీదారులు చెబుతారు. నిజమే. మనిషి కదలికలను అతనికి తెలియకుండా నమోదు చేయవచ్చని వ్యతిరేకులు అంటారు. అదీ కాదనలేం. మామూలు ట్యాగ్‌కు తనను అడుగుతున్నది ఎవరో తెలియదు. జవాబు వెళ్లిన సంగతి దాన్ని మోస్తున్న మనిషికీ తెలియదు. ఎనభై ఏళ్ల గొడవంతా ఇక్కడే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన విమానాల్లో ఒక పరికరం అమర్చింది. నేల మీది రాడార్ తరంగం తగలగానే అది ప్రత్యేక సంకేతం పంపేది. వస్తున్నది మిత్రుడో శత్రువో దాన్నిబట్టి తేల్చుకునేవారు. గుర్తింపు కోసం రేడియోతో ప్రశ్న, రేడియోతో జవాబు అనే పద్ధతి అలా మొదలైంది.

దాని రెండో ముఖం బయటపడటానికి ఎంతో కాలం పట్టలేదు. 1945లో సోవియట్ బాలలు మాస్కోలోని అమెరికా రాయబారి ఎవరెల్ హారిమన్‌కు, కొయ్యతో చెక్కిన అమెరికా అధికారిక ముద్రను కానుకగా ఇచ్చారు. అది రాయబారి నివాసంలో గోడకెక్కింది. లోపల సోవియట్ ఆవిష్కర్త లియాన్ థెరెమిన్ రూపొందించిన రహస్య మైకు ఉంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. బయటి నుంచి రేడియో తరంగం ప్రసరింపజేస్తేనే దానికి ప్రాణం వచ్చేది. ఆ తరంగమే గదిలోని మాటలను మోసుకుని వెనక్కి వెళ్లేది. ప్రసారం ఆపేస్తే అది ఉత్త చెక్క. అందుకే 1952 దాకా దొరకలేదు. 1960లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో అమెరికా దాన్ని ప్రపంచానికి చూపించింది. ఈనాటి బ్యాటరీ లేని ట్యాగ్‌కు దీన్ని పూర్వీకుడిగా చాలామంది లెక్కగడతారు. మధ్యలో 1948లో హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు, పరావర్తనం చెందిన తరంగంతోనే సమాచారం పంపే పద్ధతి మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఆచరణలోకి రావాలంటే ఇంకా చాలా పని ఉందని అందులోనే రాశాడు. చిప్పులు చిన్నవై, చవకయ్యే వరకూ ఆ పని సాగలేదు.

జనం చేతికి మొదట వచ్చింది 1960ల నాటి దుకాణపు ట్యాగ్. బట్టలకు బిగించిన ఆ ట్యాగ్‌ను డబ్బు కట్టాక గుమాస్తా తీసేస్తాడు. తీయకుండా గుమ్మం దాటితే అలారం మోగుతుంది. అది చెప్పగలిగింది ఒకే మాట: ఉన్నాను, లేదా లేను. ఏ చొక్కా, ఎవరు కొన్నారు అన్న లెక్క దానికి అక్కర్లేదు. భద్రత, గోప్యత కొట్లాడుకోకుండా కలిసి బతికిన రోజులవి.

1973లో మారియో కార్డుల్లోకు జ్ఞాపకశక్తి ఉన్న ట్యాగ్ మీద, చార్లెస్ వాల్టన్‌కు కార్డుతో తెరుచుకునే తలుపు మీద అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. అదే దశకంలో అమెరికా అణు పరిశోధన కేంద్రమైన లాస్ అలమోస్ ప్రయోగశాల అణు పదార్థాలను తరలించే వాహనాలను గుర్తించడానికి ఈ పరిజ్ఞానం మీద పనిచేసింది. అక్కడి నుంచి పశువుల చెవులకు, టోల్ గేట్లకు పాకింది.

భద్రత వైపు దీని గొప్ప విజయం కారు తాళంచెవి. పిడిలోని చిప్పు సరైన జవాబు ఇవ్వకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. 1990ల చివర ఐరోపా సమాఖ్య కొత్త కార్లలో ఈ ఇమ్మొబిలైజర్‌ను తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్ గణాంకాలపై జరిగిన ఒక అధ్యయనం, 1995-2008 మధ్య కార్ల దొంగతనాలు దీనివల్ల సుమారు 40 శాతం తగ్గాయని అంచనా వేసింది. దొంగలు పాత కార్ల మీదికి మళ్లడాన్ని కూడా లెక్కలో కలుపుకున్న అంకె ఇది. ట్యాగ్‌లన్నీ నిఘా కోసమే పుట్టాయనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఇక్కడ చిప్పు నంబరు అప్పజెప్పి ఊరుకోదు. కారు వేసిన లెక్కకు తన రహస్య సంకేతంతో జవాబు కడుతుంది.

కథ మలుపు తిరిగింది 1999లో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆటో-ఐడీ సెంటర్ మొదలైనప్పుడు. బార్‌కోడ్ స్థానంలో ట్యాగ్ పెట్టాలన్నది సంకల్పం. అయితే బార్‌కోడ్ ఇది ఏ రకం సబ్బో చెబుతుంది. ఈ ట్యాగ్‌లోని నంబరు ఇది ఏ సబ్బో చెబుతుంది. లోకంలో మరే వస్తువుకూ లేని నంబరది. గోదాములో అట్టపెట్టెకు ఇలాంటి నంబరు ఉంటే లాభమే. అదే నంబరు ఒంటి మీది బట్టలోకి వస్తే, ఆ బట్ట వేసుకున్న మనిషికీ నంబరు పడ్డట్టే. పేరు తెలియక్కర్లేదు. ఈ ఉదయం ఇక్కడ, సాయంత్రం అక్కడ అదే నంబరు కనిపిస్తే చాలు. ఒక్కసారి కార్డుతో డబ్బు కట్టినప్పుడు నంబరు పక్కన పేరు కూడా చేరుతుంది.

2003లో ఇదంతా బట్టబయలైంది. ఆ ఏడాది వాల్‌మార్ట్ తన వంద మంది పెద్ద సరఫరాదారులు 2005 నాటికి పెట్టెలకు ట్యాగులు వేయాలని కోరింది. బెనెటన్ దుస్తుల్లో ట్యాగులు కుట్టబోతున్నారన్న ప్రకటన రాగానే, క్యాథరీన్ ఆల్‌బ్రెక్ట్ నడిపే వినియోగదారుల బృందం బహిష్కరణకు పిలుపిచ్చింది. కొద్ది వారాల్లోనే ఆ కంపెనీ వెనక్కి తగ్గింది. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో టెస్కో దుకాణం జిలెట్ బ్లేళ్ల ప్యాకెట్టు అరలోంచి తీసినవారిని ఒకసారి, డబ్బు కట్టేచోట మరోసారి ఫొటో తీస్తోందని పత్రికలకెక్కింది. చిల్లర దొంగతనాలు ఆపడానికేనట. బ్లేళ్లు దొంగల పాలవుతాయన్నది వాస్తవమే గానీ, కొనడానికి వచ్చిన ప్రతివాడినీ ముందే అనుమానితుల పటంలో పెట్టుకోవడం ఆ చికిత్సలో భాగమైంది. 2004లో జర్మనీలోని రైన్‌బెర్గ్‌లో మెట్రో అనే దుకాణాల సంస్థ తన ప్రయోగ దుకాణంలో ఖాతాదారుల కార్డుల్లోనే, వాళ్లకు చెప్పకుండా, చిప్పు పెట్టినట్టు బయటపడింది. నిరసన రేగాక ఆ కార్డులు వెనక్కి తీసుకుంది.

ఈ అలజడి ఫలితం కొంత ప్రమాణాల్లోకి చేరింది. 2004 నాటి రెండో తరం ట్యాగుల ప్రమాణంలో 32 బిట్ల రహస్య సంకేతం పంపితే ట్యాగ్ శాశ్వతంగా మూగబోయే ఏర్పాటు ఉంది. 2009లో యూరోపియన్ కమిషన్, గోప్యతకు ముప్పు ఉండే చోట కొన్న వస్తువులోని ట్యాగ్‌ను బిల్లు కట్టేచోటే పనిచేయకుండా చేయాలని సిఫార్సు చేసింది. మందు కనిపెట్టారు, వాడాల్సింది దుకాణమే. సరుకు వాపసు వస్తే పనికొచ్చే ట్యాగ్‌ను చంపుకోవడానికి ఏ దుకాణం ఉత్సాహపడుతుంది?

ప్రభుత్వాల అనుభవమూ వేరు కాదు. 2005లో అమెరికా పాస్‌పోర్టులో చిప్పు పెట్టే ప్రతిపాదనకు రెండు వేలకు పైగా అభిప్రాయాలు వచ్చాయి. అత్యధికం వ్యతిరేకమే. ఆ తర్వాతే అట్టలో లోహపు పొర చేరింది. లోపలి పేజీలో అచ్చయిన వివరాలు చదివితే తప్ప చిప్పు తెరుచుకోని ఏర్పాటు వచ్చింది. అదే ప్రభుత్వం సరిహద్దు ప్రయాణాలకు ఇచ్చిన పాస్‌పోర్టు కార్డులో మాత్రం, వాహనంలో కూర్చునే ఉండగా కొన్ని మీటర్ల దూరం నుంచి చదవగలిగే ట్యాగ్ పెట్టింది. 2009లో ఒక పరిశోధకుడు చవకగా కూర్చిన పరికరాలతో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో కారు నడుపుతూ అలాంటి కార్డుల నంబర్లు పట్టుకుని చూపించాడు. దానికి ప్రభుత్వం ఇచ్చిన రక్షణ ఒక తొడుగు. కాలిఫోర్నియాలోని సట్టర్ పట్టణంలో 2005లో ఒక బడి పిల్లల మెళ్లో ట్యాగ్ బిళ్లలు వేసింది. తల్లిదండ్రులు తిరగబడటంతో కొద్ది వారాల్లో తీసేసింది.

తాళాలూ పగిలాయి. కారు తాళంచెవుల్లో విరివిగా వాడిన ఒక చిప్పులోని 40 బిట్ల రహస్య సంకేతాన్ని గంటలోపు ఛేదించవచ్చని 2005లో జాన్స్ హాప్‌కిన్స్, ఆర్‌ఎస్‌ఏ పరిశోధకులు నిరూపించారు. ప్రయాణ కార్డులు, ఆఫీసు తలుపుల్లో విస్తరించిన మైఫేర్ క్లాసిక్ అనే చిప్పు వంతు 2008లో వచ్చింది. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం ఆ లోపాలను ప్రచురించకుండా ఆపాలని తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పీ కోర్టుకెక్కితే, ఆర్నెమ్ న్యాయస్థానం ఒప్పుకోలేదు. నష్టానికి మూలం లోపమున్న చిప్పే గానీ దాని గురించి రాసినవాళ్లు కాదంది. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఈ తీర్పే. పైన చెప్పిన ఏ దిద్దుబాటు చూసినా, బయటివాళ్లు వేలెత్తి చూపాకే జరిగింది. వాళ్ల నోరు నొక్కే దారి అక్కడ మూసుకుపోయింది.

ఇప్పటి వివాదం, పోయిన వస్తువులను వెతికిపెట్టే బ్లూటూత్ ట్యాగులది. వీటికి బ్యాటరీ ఉంటుంది. దారినపోయే లక్షల ఫోన్లే వీటికి రీడర్లు. 2021 ఏప్రిల్‌లో యాపిల్ ఎయిర్‌ట్యాగ్ తెచ్చాక తాళాలు, సామాన్లు దొరికిన కథలతో పాటు, మాజీ భాగస్వాముల కారులోనో సంచిలోనో రహస్యంగా ట్యాగ్ పడేసి వెంటాడిన కేసులూ వచ్చాయి. వెంటాడే ట్యాగ్ గురించి మొదట్లో ఐఫోన్ ఉన్నవాళ్లకే ఫోన్లో హెచ్చరిక అందేది. 2023 ఫిబ్రవరిలో ఇలాంటి ట్యాగులే అమ్మే టైల్ కంపెనీ ఎదురు దారి పట్టింది. దొంగకు తెలియకూడదంటూ, ఇతరుల స్కానింగ్‌కు ట్యాగ్ కనిపించని పద్ధతి పెట్టింది. అందుకు యజమాని ప్రభుత్వ గుర్తింపు పత్రం చూపాలి, వెంటాడిన నేరం రుజువైతే పది లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవాలి. అదే ఏడాది మే నెలలో యాపిల్, గూగుల్ ఉమ్మడి ప్రమాణం ముసాయిదా తెచ్చాయి. 2024 మే నుంచి ఆ ప్రమాణం పాటించే ట్యాగ్ వెంట పడితే ఐఫోన్ అయినా ఆండ్రాయిడ్ అయినా హెచ్చరిక వస్తోంది. ట్యాగ్ దాచిన సైకిల్‌ను ఎత్తుకెళ్లిన దొంగ ఫోనుకూ ఆ హెచ్చరిక వస్తుంది.